చెయ్యి ఒకటే, నిక్కరు ఎలా లాక్కుంటాడు?

ప్రశ్న: మా బాబుకి 3 ఏళ్ల 2 నెలలు. పుట్టేటప్పుడు భుజం ఇరుక్కుని మెడ దగ్గర నరాలు దెబ్బతినడం వల్ల కుడి చెయ్యి సరిగ్గా పనిచేయదు. వేళ్లు కదుపుతాడు, చిన్న వస్తువులు పట్టుకుంటాడు కానీ చెయ్యి పైకెత్తలేడు, వీపు వెనక్కి పోనివ్వలేడు. సుస్సు వస్తే చెబుతున్నాడు, కానీ చెప్పేసి నా ముందు నిలబడిపోతాడు. నేను నిక్కరు తీసేలోపు సగంసార్లు తడిపేస్తున్నాడు. మా అత్తగారు "చెయ్యి బాగయ్యాక నేర్పిద్దువులే" అంటారు. మావారేమో వీడి ఈడు పిల్లలంతా డైపర్ మానేశారని విసుక్కుంటారు. స్కూల్లో అడిగితే డైపర్‌తో వస్తే చేర్చుకోమన్నారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: "సుస్సు వస్తే చెబుతున్నాడు" అని రాసి వెంటనే "కానీ" అన్నారు చూడండి, అక్కడే బాబుకి రావాల్సిన మార్కులు మీరు కోసేశారు. ఈ మొత్తం వ్యవహారంలో పిల్లలకి అన్నిటికన్నా కష్టమైన పని అదే. పొత్తికడుపులో బరువుగా అనిపించడం, అది సుస్సు అని గుర్తుపట్టడం, ఆడుతున్న ఆట వదిలేసి వచ్చి చెప్పడం. మీవాడు అది నేర్చేసుకున్నాడు. ఇక మిగిలింది నిక్కరు సమస్య, దానికి మందు పిల్లాడి దగ్గర కంటే మీ బట్టల బీరువాలో ఎక్కువ దొరుకుతుంది.

ముందు అత్తగారి మాట. చేతికి వెళ్లే నరాలు మెడ దగ్గర బయల్దేరతాయి. మూత్రాన్ని, విరేచనాన్ని ఆపుకోవడానికి పనికొచ్చే నరాలు వెన్ను చివర, నడుముకి ఇంకా కింద నుంచి వస్తాయి. దీనికీ దానికీ సంబంధం లేదు, కాబట్టి చెయ్యి బాగయ్యేదాకా ఆగినందువల్ల ఒరిగేదేమీ లేదు. పైగా ఈ వయసుకి మిగిలిపోయిన లోటు కొంత అలాగే ఉండిపోవచ్చు కూడా, అది బాబుని చూస్తున్న డాక్టర్ చెప్పాలి. ఆవిడతో వాదనకి దిగకండి, మనవడి మీద జాలితో అంటున్న మాట అది. నరాల సంగతి ఒక్కసారి చెప్పి వదిలేయండి.

ఇవాళ మీరు బాత్రూమ్‌కి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. కుడి చెయ్యి కదపకుండా పక్కకి వేలాడేసి, పైజమా ఎడం చేత్తోనే దించి మళ్లీ ఎడం చేత్తోనే ఎక్కించుకోండి. దించడం పర్లేదు, ఎలాగో దిగుతుంది. ఎక్కించేటప్పుడు తెలుస్తుంది అసలు కథ: ఎడమ వైపు పైకొచ్చేస్తుంది, కుడి వైపు తొడ దగ్గరే వేలాడుతుంది, వెనకాల ఎలాస్టిక్ పిర్రల కింద చిక్కుకుని ఇక కదలనని మొండికేస్తుంది. నేను చేసి చూశాను, గోడకి ఆనుకుంటే తప్ప కుదర్లేదు. పైగా నాకు మూడేళ్లు కాదు, సుస్సు తన్నుకుని రావడమూ లేదు.

అలా చేస్తే ఒంటి చేత్తో ఏ వరస పనిచేస్తుందో మీకే తెలిసిపోతుంది. ముందు చెయ్యి వెనక మధ్యకి పోనిచ్చి, బొటనవేలు ఎలాస్టిక్ లోపల దూర్చి పిర్రలు దాటించాలి, తర్వాత ఎడమ పక్క, ఆ తర్వాత పొట్ట మీదుగా చెయ్యి అడ్డంగా చాపి కుడి పక్క. ఒక్కసారి లాగితే అయ్యే పని కాదు, ఇలా రెండు మూడు రౌండ్లు తిరగాలి. తూలకుండా గోడకి ఆనుకుని నిలబడమనండి.

బట్టలు మార్చండి. బొత్తాలు, జిప్పులు, బొందులు ఉన్నవన్నీ కొన్నాళ్లు పక్కన పెట్టేసి, ఒక సైజు పెద్దవి, ఎలాస్టిక్ మెత్తగా వదులుగా ఉన్న పొట్టి నిక్కర్లు వేయండి. పొడుగు ప్యాంట్లయితే పాదాల దగ్గర కుప్పపడి కాళ్లకి అడ్డం పడతాయి. చొక్కా కూడా నడుము దాకానే ఉండాలి, ఎందుకంటే పొడుగు టీషర్ట్ కిందికి జారుతూ ఉంటే ఎత్తి పట్టుకోవడానికి వాడికి రెండో చెయ్యి లేదు (గడ్డం కింద నొక్కిపెట్టుకోవడం నేర్పండి, పిల్లలకి అదో సరదా). నిక్కరు నడుము పట్టీకి రెండు పక్కలా నాలుగు వేళ్లు దూరేంత రిబ్బన్ లూపులు కుట్టండి. కుడి చెయ్యి పైకి లేవకపోయినా నడుము పక్కకి వస్తుంది కదా, వేళ్లు పట్టుకుంటున్నాయి కదా, ఆ పక్క లూపుని ఆ చేత్తోనే పట్టుకోనివ్వండి. లాగలేకపోయినా పర్లేదు, ఊరికే పట్టుకుంటే చాలు, నిక్కరు జారకుండా ఉంటుంది. ఆ చేతిని ఇంట్లో ఎవరూ "బాగాలేని చెయ్యి" అనకండి. "సాయం చెయ్యి" అనండి, వాడూ అదే అంటాడు.

ఇక నేర్పడం. మొదటి నుంచి కాకుండా చివరి నుంచి నేర్పండి. నిక్కరు ఎక్కించే పని దాదాపు అంతా మీరే చేసి, బొడ్డు దగ్గర ఆఖరిసారి పైకి లాగడం మాత్రం వాడికి వదిలేయండి. పని వాడి చేతుల మీదుగా పూర్తవుతుంది, "నేనే వేసుకున్నా" అని చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. అది నాలుగైదు రోజులు ఇబ్బంది లేకుండా వచ్చాక మీరు పిర్రలు దాటించి ఆపండి, ఆ తర్వాత తొడల దగ్గరే ఆపండి. దించడం వేరేగా, తీరిగ్గా ఉన్నప్పుడు, స్నానానికి ముందు ప్రాక్టీస్ చేయించండి. సుస్సు తోసుకొస్తున్నప్పుడు మాత్రం పాఠాలు వద్దు, గబుక్కున మీరే లాగేయండి. ఇంట్లో ఉండే రెండు మూడు రోజులు అసలు నిక్కరే లేకుండా వదిలేసినా మంచిదే, చెప్పడానికీ కూర్చోవడానికీ మధ్య ఏ అడ్డూ లేకపోతే తను చేయగలనని వాడికి నమ్మకం వస్తుంది.

కూర్చోబెట్టే చోటు కూడా చూడండి. ఒక చేత్తోనే ఆసరా పట్టుకునే పిల్లలకి పడిపోతామన్న భయం ఎక్కువ, భయంతో బిగుసుకున్న పిల్లాడికి విరేచనం రాదు. అడుగుభాగం వెడల్పుగా ఉండి నేల మీద కదలకుండా నిలిచే చిన్న పాటీ (పిల్లల టాయిలెట్ కుర్చీ) నయం, రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి. పెద్ద కమోడ్ అయితే లోపల చిన్న సీటు, పాదాల కింద గట్టి పీట, ఎడమ వైపు పట్టుకోవడానికి కడ్డీ కావాలి. సుస్సుకి కూడా కూర్చోబెట్టే నేర్పండి. నిలబడి పోయాలంటే నిక్కరు పట్టుకోవాలి, గురి చూసుకోవాలి, ఒంటి చేతికి అది ఇప్పుడు ఎక్కువ పని. సీటు మీదికి ఎక్కించేటప్పుడు దించేటప్పుడు కుడి చెయ్యి పట్టుకుని ఎప్పుడూ లాగకండి, చంకల కింద పట్టుకుని కూడా లేపకండి, నడుము దగ్గర రెండు చేతులతో పట్టుకుని ఎత్తండి.

అరగంటకోసారి "వస్తోందా, వస్తోందా" అని అడగడం మానేయండి, నాలుగో రోజుకి ఆ ప్రశ్న వాడికి వినపడదు. నిద్ర లేవగానే, తిన్న 20 నిమిషాలకి, బయటికి వెళ్లే ముందు కూర్చోబెడితే చాలు, అదీ 5 నిమిషాలకి మించి వద్దు. కడుక్కోవడం గురించి ఇప్పుడు బెంగ వద్దు, రెండు చేతులూ బాగున్న పిల్లలకి కూడా 5 ఏళ్ల దాకా పెద్దవాళ్లే శుభ్రం చేయాల్సి వస్తుంది. చేతులు కడుక్కోవడం మాత్రం నేర్పండి: నొక్కితే వచ్చే సబ్బు సీసా జారకుండా పెట్టి, ఎడం చేత్తో కుడి చేతిని రుద్దమనండి, ఆ చేతి వేళ్ల సందులు కూడా. రాత్రి డైపర్ ఉంటే ఉండనివ్వండి, రాత్రి తడపకుండా ఉండడం 5 ఏళ్లు దాటాక వచ్చే పిల్లలు చాలామంది ఉంటారు.

విరేచనం గట్టిగా వస్తోందా, రెండు మూడు రోజులకోసారి వస్తోందా అన్నది ఒకసారి గమనించండి. మలబద్ధకం ఉంటే నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది, సుస్సు ఆగదు, అప్పుడు మీరెంత నేర్పినా లాభం ఉండదు. ముందు పిల్లల డాక్టర్‌కి చూపించి అది సరిచేయాలి. సుస్సు పోసేటప్పుడు ఏడ్చినా, ఎప్పుడూ చుక్కలు చుక్కలుగా కారుతున్నా, బాగా పొడిగా ఉన్నవాడు ఉన్నట్టుండి మళ్లీ తడపడం మొదలుపెట్టినా ఆగకుండా చూపించండి.

మీవారి సంగతి. విసుక్కునే మనిషికి సలహా చెబితే ఇంకా విసుక్కుంటారు, డ్యూటీ అప్పగించండి. సాయంత్రం ఇంటికొచ్చాక పాటీ పని ఆయనది, ఒంటి చేతి పైజమా పరీక్ష కూడా ఆయనతో చేయించండి. తడిపినప్పుడు ఇద్దరూ అనాల్సిన మాట ఒకటే ఉండాలి, "తడిసిందా, రా మార్చుకుందాం" అని, అంతే.

స్కూల్ వాళ్లకి "డైపర్ మానలేదు" అని చెప్పారా? అలా చెప్తే ఎవరైనా వద్దనే అంటారు. "బాబు తనే చెబుతాడు, పగలు పొడిగా ఉంటాడు, నిక్కరు పైకి లాగడానికి ఒక చెయ్యి సాయం కావాలి" అని చెప్పి చూడండి, అది నిజం అయ్యాకే చెప్పండి, ఇంకొన్ని వారాలు పట్టొచ్చు. యూనిఫామ్‌లో హుక్ ప్యాంటు, బెల్టు ఉంటే వాటి బదులు అదే రంగు ఎలాస్టిక్ నిక్కరుకి ఒప్పుకుంటారేమో ఇప్పుడే అడిగి పెట్టుకోండి, లూపులు కుట్టడానికి టైమ్ ఉంటుంది.