పాఠకుల సందేహాలు: మూడు తూటాల గ్రూపును నమ్మవచ్చా?

ప్రశ్న: మా మేనబావ అమెరికాలోని టెక్సాస్‌లో ఉంటారు. ప్రత్యేకంగా చేయించుకున్న రైఫిల్‌కు తూటాలను ఇంట్లో తానే నింపుకొని 100 గజాల దూరంలో పరీక్షిస్తుంటారు. పోయిన నెల ఆయన పంపిన ఫోటోలో మూడు రంధ్రాలూ 10 మిల్లీమీటర్ల లోపలే ఉన్నాయి. అదే తుపాకి మందు, అదే బుల్లెట్‌తో (తూటా కొసన ఉండి ఎగిరివెళ్లే ముక్క) తరువాతి వారం పది కాల్చితే 17 మిల్లీమీటర్ల దాకా చెదిరాయట. బారెల్ అరిగిందేమోనని ఆయన అనుమానం. నిజమేనా? నేను ఇక్కడ క్లబ్బులో .22 రైఫిల్‌తో 50 మీటర్ల సాధన చేస్తున్నాను. నేను కూడా ఇలా తూటాలు నింపి చూసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీ బావగారి బారెల్‌ను అనుమానించడానికి ఈ రెండు కొలతలూ చాలవు. గ్రూపును, అంటే ఒకే గురితో కాల్చిన రంధ్రాల గుంపును, ఒకదానికొకటి అతి దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య దూరంతో కొలుస్తారు కనుక, కాల్చిన కొద్దీ అది పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. రైఫిల్, తూటా, కాల్చే మనిషి ఏమీ మారకపోయినా, మూడు తూటాలతో సగటున 10 మిల్లీమీటర్లు వచ్చే చోట పది తూటాలతో సగటున 16 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. ఆయనకు 17 వచ్చింది. పైగా, ఒకే రకం తూటాలతో కాల్చిన మూడేసి తూటాల గ్రూపులు రెండింటిలో ఒకటి మరొకదానికి రెట్టింపుగా రావడం మామూలే. మూడు రంధ్రాలు చూసి తూటా బాగోగులు తేల్చడం, మూడు గింజలు కొరికి కళ్లంలోని వడ్లన్నిటికీ తేమ లెక్క కట్టినట్లుంటుంది. 100 గజాల దగ్గర కోణమానంలో ఒక నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు, రైఫిల్ గురికి షూటర్లు వాడే గీటురాయి) అంటే సుమారు 26.6 మిల్లీమీటర్లు కనుక, పది తూటాలను 17లో పెట్టిన రైఫిల్‌ను మంచి రైఫిల్ అనే చెప్పాలి.

ఆయన పరీక్ష పద్ధతిని మార్చుకుంటే మేలు. మందు తూకాన్ని తయారీదారు ప్రచురించిన పట్టికలోని కనిష్ఠ మోతాదు నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. ఈ తూకానికి వాడే గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు, అంటే కంసాలి గురిగింజ ఎత్తులో ఇంచుమించు సగం. అందులోని పదో వంతులను కూడా లెక్కలోకి తీసుకునే పని ఇది. మందు తూకం, బుల్లెట్‌ను కేసులో (తూటా లోహపు గొట్టంలో) దించే లోతు, ప్రైమర్ (మందును అంటించే చిన్న పేలుడు మూత) రకం, ఈ మూడింటిలో ఒకసారికి ఒక్కదాన్నే మార్చాలి. రెండు రకాలను పోల్చేటప్పుడు ఒక రకం పదీ కాల్చి తరువాత రెండోది మొదలుపెడితే, బారెల్ వేడెక్కడం, గాలి మారడం, భుజం అలసిపోవడం అన్నీ రెండో రకం ఖాతాలో పడతాయి. కాబట్టి రెండు లక్ష్యాలు పక్కపక్కన పెట్టుకుని ఒకటి ఇటు, ఒకటి అటు కాల్చాలి. దూరంగా పడిన రంధ్రాన్ని ‘నా చేయి కదిలింది’ అని కొట్టివేయకూడదు. ఇందులో అనుభవజ్ఞులు కూడా తమను తాము మోసగించుకుంటారు. అతి దూరపు రెండు రంధ్రాలు తప్ప మిగిలినవి ఏమీ చెప్పని కొలతకన్నా, అన్ని రంధ్రాల నడిమి బిందువు నుంచి ఒక్కొక్కదాని దూరాన్ని కొలిచి సగటు కట్టడం నమ్మదగినది. వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే మంచిదే కానీ, తూటా తూటాకూ వేగంలో వచ్చే తేడా 100 గజాల దగ్గర అంతగా తెలియదు, దూరం పెరిగిన కొద్దీ నిలువు చెదురుగా బయటపడుతుంది. మరొక మాట: చలికాలంలో గరిష్ఠ మోతాదు దగ్గర నిలిపిన తూటాలను టెక్సాస్ ఎండల్లో కాల్చితే, వేడెక్కిన మందు వల్ల పీడనం పెరుగుతుంది. ఇది గురితప్పడంతో పోయే విషయం కాదు, ప్రమాదం.

ఇక మీ సంగతి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తూటాల తయారీకే కాదు, వాటిని పరీక్షించడానికి కూడా లైసెన్సు కావాలి. ఇంట్లో నింపే ఆలోచన మానుకోండి. అదీ కాక, .22 తూటాకు విడిగా ప్రైమర్ ఉండదు, పేలే రసాయనం కేసు అడుగు అంచులోనే ఉంటుంది కనుక, అది తిరిగి నింపడానికి అనువైనది కాదు. మీరు చేయగలిగింది వేరే ఉంది: క్లబ్బు ద్వారా వచ్చే తూటాలలో ఒకే కంపెనీవే అయినా లాటు నంబరు (ఒకే విడతలో తయారైనవాటి గుర్తు) మారితే మీ రైఫిల్‌లో గ్రూపు మారవచ్చు. ప్రతి లాటు నుంచీ కనీసం ఇరవై చొప్పున, పైన చెప్పినట్లు మార్చి మార్చి కాల్చి, బాగున్న లాటును పోటీలకు దాచుకోండి. మీ రేంజి ఆరుబయట ఉంటే, ఎండాకాలం మధ్యాహ్నం సముద్రం గాలి తిరగకముందే, ఉదయాన్నే ఈ పని ముగించాలి.

ప్రశ్న: మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. 4.49, 4.50 అని రెండు కొలతల పెల్లెట్లు అమ్ముతున్నారు. ఏది కొనాలి?
- ఒక తల్లి, ఒంగోలు

జవాబు: ఆ అంకెలు పెల్లెట్ తల వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతాయి. ఏది నప్పుతుందో ఆ రైఫిల్ బారెల్‌ను బట్టి ఉంటుంది కనుక, రైఫిల్‌ను బిగించి కాల్చి చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు. అయితే లక్ష్యం మధ్యలోని పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే అయినా, పెల్లెట్ అంచు దాన్ని తాకితే చాలు కాబట్టి, పెల్లెట్ కేంద్రం రెండున్నర మిల్లీమీటర్ల లోపల పడితే పది వస్తుంది. నేర్చుకుంటున్న పిల్లల చేతి కదలిక ముందు 0.01 మిల్లీమీటరు తేడా లెక్కలోకి రాదు. ప్రస్తుతానికి రెండింటిలో ఏదో ఒకటి, నలగని డబ్బా చూసి కొనండి. కాల్చాక చేతులు సబ్బుతో కడుక్కోమనండి, పెల్లెట్ సీసంతో చేసినది.