గ్లైకాన్ చెవులు

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. రోమన్ల దేవతాశిల్పాల్లో పాముల గురించి మొదలుపెట్టి, రెండో పేరాకే నాగుల చవితికీ పుట్టలో పాలకీ వచ్చేశావు. మన పుట్టను రోముకు మోసుకెళ్తే అక్కడి పాము కంటికి ఆనదు. "సర్పం పునర్జన్మకు ప్రతీక" అన్న వాక్యాన్నయితే జాలి లేకుండా కొట్టేశాను. ముందు ఆ పాము అక్కడ ఏం చేస్తోందో చూడు. మిత్రాస్ దేవుడు ఎద్దును పొడిచే శిల్పంలో అది కుక్కతో పోటీపడి నెత్తురు వైపు పాకుతుంది. వైద్యదేవుడు ఈస్కులాపియస్ దగ్గర కర్రను చుట్టుకుంటుంది. క్రీ.పూ. 291లో గ్రీసులోని ఎపిడారస్ నుంచి ఓడలో వచ్చిన పాము టైబర్ నదిలోని దీవికి ఈదిందని కథ. ఆ దీవి అంచున ఓడలా చెక్కిన రాళ్ళ మీద ఆ కర్రా పామూ ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇక గ్లైకాన్ అనే పాముదేవుడు. బంగారంలాంటి సంగతిని ఒక్క వాక్యంలో తేల్చేశావే! 1962లో రుమేనియాలోని కాన్స్టాంట్సాలో, అంటే పాత టోమిస్‌లో, గోతిలో దాచిన శిల్పాల మధ్య అతని శిల్పం దొరికింది. సుమారు 66 సెంటీమీటర్ల ఎత్తు పాలరాయి. చుట్టలు చుట్టుకున్న పాము, గొర్రెను తలపించే మూతి, మనిషి చెవులు, మనిషి జుట్టు, సింహం తోక. (టైబర్ పాము కథను పద్యాల్లో చెప్పిన రోమన్ కవి ఓవిడ్ ఆ శిల్పానికి చాలా ముందే ప్రవాసం గడిపింది ఈ ఊళ్ళోనే. ఇది వాడుకో.)

ఈ దేవుణ్ణి పుట్టించిన అలెగ్జాండర్ (చక్రవర్తి కాదు, 2వ శతాబ్దపు సోదెగాడు) ఊరు నల్లసముద్రం దక్షిణ తీరాన అబొనోటైకస్. అతని కాలపు వ్యంగ్య రచయిత లూషియన్ అతని గుట్టు రట్టు చేశాడు: పెంపుడు పాము తలను చంకలో దాచి, గుడ్డతో చేసిన తలను బయటపెట్టేవాడట. గుర్రపు వెంట్రుకలు లాగితే నోరు తెరుచుకునేది. కొంగ గొంతు గొట్టాల్లోంచి మరొకడు మాట్లాడేవాడు.

నువ్వు లూషియన్‌తో కలిసి నవ్వేశావు. అతను పగతో రాశాడు, కాబట్టి అతని మాటను ఆ లెక్కలోనే తీసుకోవాలి. శిల్పి పక్షం కూడా విను. ఆ జుట్టును పాయలు పాయలుగా, ఓపిగ్గా చెక్కిన చేతికి వెటకారం లేదు. అలెగ్జాండర్ పోయాక, 3వ శతాబ్దంలో కూడా గ్లైకాన్ నాణేలకెక్కాడు.

చెవుల దగ్గర మొదలుపెట్టి మళ్ళీ రాయి. పాముకు చెవులెందుకు పెట్టాలి? మొర వినే దేవుడు కావాలి గనక అని నా ఊహ. నీ ఊహ వేరైతే అదే రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు