కొన్న రోజు ఏం జరిగిందో రాసి చూడు

విశాఖపట్నం

అమ్మలూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. జీతం ఇరవయ్యో తారీఖు రాకుండానే అయిపోతోందనీ, క్రెడిట్ కార్డు బాకీ నలభై వేలకు చేరిందనీ, బీరువాలో ట్యాగులు కూడా తీయని డ్రెస్సులు ఉన్నాయనీ రాశావు. చివర్లో "నాకు బుద్ధి లేదు పెద్దమ్మా" అన్నావు చూడు, ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. బ్యాంకు కౌంటర్లో కూర్చున్నన్నాళ్లూ నీలాంటి పిల్లల్ని ఎంతమందినో చూశాను. డబ్బంటే లెక్కలేక ఖర్చుపెట్టేవాళ్లు వేరు, మనసు బాగోలేక కొనేవాళ్లు వేరు. వీళ్లకి పొదుపు గురించి క్లాసు పీకి లాభం లేదు.

ముందు ఒక పని చెయ్యి. మూడు నెలల స్టేట్‌మెంట్ ప్రింట్ తీయించు. ఒక్కో ఖర్చు పక్కన, ఏం కొన్నావో కాదు, ఆ రోజు ఏం జరిగిందో పెన్నుతో రాయి. ఏ టైముకి కొన్నావో కూడా ఫోన్‌లో చూసి వెయ్యి. ఇదిగో, ఇలాగ. రాత్రి పదకొండున్నరకి చెవిపోగులు, 899 రూపాయలు: "మీటింగ్‌లో అందరి ముందూ మాట పడ్డాను." శనివారం సాయంత్రం హ్యాండ్‌బ్యాగ్: "రూమ్మేట్లు ఊరెళ్లారు, ఒక్కదాన్నే ఉన్నాను." పెళ్లి నుంచి వచ్చిన మర్నాడు పట్టుచీర: ఎవరి చీర చూసి మనసు చివుక్కుమందో అది కూడా దాచకుండా రాయి. ఎవరికీ చూపించనక్కర్లేదు. పదిహేను లైన్లు రాసేసరికి నీకే తెలిసిపోతుంది, నువ్వు కొంటున్నది బ్యాగులు కాదని. కోపానికి ఒకటి, ఒంటరితనానికి ఒకటి, ఈర్ష్యకి ఒకటి. సంతోషంలో పెట్టే ఖర్చు కూడా వదలకు. ప్రాజెక్ట్ అయిపోయిందని మనకి మనమే ఇచ్చుకునే ట్రీట్‌ని మనం అసలు ఖర్చుగానే లెక్కపెట్టుకోం.

దీనికి కారణం ఉందమ్మా. మనసు దిగులుగా ఉన్నప్పుడు మనిషి అదే వస్తువుకి ఎక్కువ ధర పెట్టడానికి సిద్ధపడతాడని పరిశోధకులు చూపించారు. పైగా మెదడులో డోపమైన్ అనే రసాయనం ఎక్కువగా పనిచేసేది వస్తువు చేతికొచ్చాక కాదు, వస్తుందని ఎదురుచూసేటప్పుడు. అందుకే ఆర్డర్ పెట్టిన రాత్రి హాయిగా ఉంటుంది, పార్సిల్ విప్పాక చప్పబడిపోతుంది. కార్డు ఈ పనిని ఇంకా సులువు చేస్తుంది. 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో, అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం ఆచార్యులు ఆట టికెట్లు వేలం వేసి చూస్తే, నగదు ఇవ్వాల్సినవాళ్ల కంటే కార్డుతో కట్టొచ్చన్నవాళ్లు చాలా ఎక్కువకి పాడారు. నోటు చేతిలోంచి జారితే నొప్పి తెలుస్తుంది, స్కాన్ చేస్తే తెలియదు.

ఇక ఆ నలభై వేల సంగతి. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం ఇంత కట్టమని అడిగే మొత్తం, కడుతున్నాను కదా అని ధీమాగా ఉండకు. నెలకి 3.5 శాతం వడ్డీ అనుకో, అంటే 1,400. దాని మీద 18 శాతం జీఎస్టీ 252. నువ్వు మినిమమ్ అని రెండు వేలు కడితే అసలులో తగ్గేది 348 రూపాయలు మాత్రమే! బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది, మామూలుగా ఇచ్చే వడ్డీ లేని గడువు రోజులు వర్తించవు. ఈ లెక్క కాగితం మీద నువ్వే ఒకసారి వేసుకో, నేను చెప్పినదానికంటే గట్టిగా తగులుతుంది. బంగారం మీద అప్పు తీసుకుని కార్డు ఒకేసారి తీర్చేస్తే వడ్డీ బాగా తగ్గుతుంది. కానీ ఆ తర్వాత కార్డు మళ్లీ వాడావంటే ఒకటి పోయి రెండు అప్పులవుతాయి. అందుకని వాడకం ఆగాకే ఆ మాట. లోన్ యాప్‌ల జోలికి మాత్రం చచ్చినా వెళ్లకు.

బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ వాడకం ఆపేసే వీలు ఉంటుంది, ఇవాళే ఆపు. షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డు నంబర్లు తీసేయి. జీతం పడే ఖాతా వేరు, యూపీఐ ఖాతా వేరు పెట్టుకుని, రెండోదాంట్లో వారానికి సరిపడా మాత్రమే వేసుకో. రాత్రి తొమ్మిది దాటాక ఏదీ కొనకు. కార్ట్‌లో వేసుకో, డబ్బు కట్టడం మర్నాడు టిఫిన్ తిన్నాక. సగం వస్తువులు అప్పటికి అక్కర్లేదనిపిస్తాయి. కూరగాయలకి ఎంవీపీ రైతుబజారుకీ, సరుకులకి పూర్ణా మార్కెట్‌కీ నోట్లు పట్టుకుని వెళ్లు. షాపింగ్‌కి జగదాంబ వైపు వెళ్తే ఏం కావాలో ముందే చీటీ రాసుకో.

అయితే ఇవన్నీ తాళాలే. లోపలి దిగులు అలాగే ఉంటే చెయ్యి ఇంకో దారి వెతుక్కుంటుంది. మాటపడ్డ రోజు రూముకెళ్లి ఫోన్ పట్టుకోకుండా బీచ్ రోడ్డులో దిగి, ఆర్కే బీచ్ దగ్గర ఒక మురీ మిక్సర్ (మసాలా మరమరాలు) పొట్లం కొనుక్కుని కాసేపు నడువు. ఆ ఖర్చుకి నేనేమీ అనను. ఒక్కదానివే ఉన్న శనివారం బస్సెక్కి మా ఇంటికి రా. నెలకి ఇంత అని నీ సరదాకి పక్కన పెట్టుకో, అది ఖర్చయ్యాక బాధపడకు. పూర్తిగా కట్టేసుకుంటే పదిరోజులకి తెగి రెట్టింపు కొంటావు.

ఒక్క విషయంలో మాత్రం నాకు భయంగా ఉంది. పార్సిళ్లు అమ్మకి తెలియకుండా ఆఫీసుకి తెప్పించుకుంటున్నావని రాశావు. దాచడం మొదలైందంటే అలవాటు ముదురుతోందన్నమాట. ఆపాలనుకున్నా ఆగకపోతే, నిద్ర పట్టకపోతే, 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అని ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. చినవాల్తేరులో మానసిక వైద్యానికి ప్రభుత్వాసుపత్రీ ఉంది. జ్వరానికి డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడవు కదా, దీనికీ అంతే. కావాలంటే నేను తోడొస్తాను.

మీ అమ్మకి నువ్వే చెప్పు, నా నోటి నుంచి వినకూడదు. కోప్పడుతుంది, పడనీ. చెప్పాక నాకు ఫోన్ చెయ్యి. ఏ నెల ఎంత కట్టాలో కూర్చుని లెక్క వేద్దాం.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ