నాటుకోడి పులుసుతో స్పార్క్లింగ్ వైన్ కుదురుతుందా?

కడపలో మీ అక్కాబావల పెళ్లిరోజుకు రెండు స్పార్క్లింగ్ వైన్ (బుడగల వైన్) సీసాలు సిద్ధంగా ఉన్నాయనీ, ఒకటి తీపి తక్కువుండే బ్రూట్, ఇంకొకటి కాస్త తియ్యగా ఉండే డెమీ సెక్ అనీ, రాగి సంగటి, నాటుకోడి పులుసుతో ఏది పోయాలనీ అడిగారు. పులుసుతో రెండూ వద్దు. అనంతపురంలో మా ఇంట్లో నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ రోజు నలుగురు మిత్రులం బ్రూట్ సీసా తెరిచి, ముందు ఏమీ తినకుండా రుచి చూశాం. పచ్చి ఆపిల్, నిమ్మతొక్క, వెనకాల కాల్చిన రొట్టె వాసన. సీసాలోనే రెండోసారి పులిసి, అడుగున చేరిన ఈస్టు మడ్డితో నెలల తరబడి ఉన్న వైన్‌కే ఆ రొట్టె వాసన వస్తుంది. స్పెయిన్ బుడగల వైన్ కావాను కనీసం 9 నెలలు అలా ఉంచుతారు. ఇటలీ బుడగల వైన్ ప్రొసెక్కో ఎక్కువగా పెద్ద ట్యాంకుల్లో పులుస్తుంది కనుక అందులో పండ్ల వాసనే ముందు తెలుస్తుంది.

తరువాత సంగటి ముద్ద పులుసులో అద్దుకుని తిని, వెంటనే ఒక గుక్క తాగాను. నాలుక భగ్గుమంది. మిరప మంటను ఆల్కహాల్ ఇంకా రేపుతుంది. బుడగల్లోని కార్బన్ డయాక్సైడ్ నోటి తడిలో ఆమ్లంగా మారి తానూ చురుక్కుమనిపిస్తుంది. అంతకుముందు అంత చక్కగా తెలిసిన ఆపిల్, రొట్టె వాసనలు ఒక్కటీ మిగలలేదు. మంచి పులుసు, మంచి వైన్, రెండూ పాడయ్యాయి. నాకు నిజంగా బాధ కలిగింది.

అంతలో మా వదిన పిల్లల కోసం కారం తగ్గించి చేసిన అలసంద వడలు తెచ్చింది. వేడి వడ కొరికి బ్రూట్ తాగితే అంతా మారిపోయింది. వైన్‌లోని పులుపూ బుడగలూ నూనె జిడ్డును కడిగేస్తాయి, వడలోని ఉప్పు వైన్ పులుపును మెత్తబరుస్తుంది. నోరు శుభ్రమై మరో వడ అడుగుతుంది. ఉప్పు వేసి వేయించిన వేరుశనగలూ, అరటికాయ బజ్జీలూ అలాగే కుదిరాయి. కాబట్టి మీ బ్రూట్‌ను భోజనానికి గంట ముందు వీటితో తెరవండి. పులుసుకు మజ్జిగే సరైన తోడు.

డెమీ సెక్‌లో లీటరుకు 32 నుంచి 50 గ్రాముల చక్కెర ఉంటుంది, బ్రూట్‌లో 12 గ్రాములకు లోపే. తీపి వైన్ కదా అని ఓళిగలతో పెట్టాలనిపిస్తుంది, నేనూ పెట్టి చూశాను. బెల్లం పూర్ణం ముందు అది పుల్లగా, పలచగా తేలిపోయింది. తినే తీపికన్నా తాగే తీపి తగ్గకూడదు. డెమీ సెక్‌ను బొరుగుల ఉగ్గానితో పెట్టండి. పచ్చిమిర్చి ఘాటును ఆ కాస్త చక్కెర నెమ్మదింపజేస్తుంది, పైన చల్లిన పప్పుల పొడి కమ్మదనమూ దానికి నప్పుతుంది. ఇకముందు కొనేటప్పుడు ఎక్స్‌ట్రా డ్రై అన్న మాట చూసి మోసపోకండి. దానిలో బ్రూట్‌కన్నా చక్కెర ఎక్కువ, 12 నుంచి 17 గ్రాములు.

చల్లదనం 6 నుంచి 10 డిగ్రీలు ఉండాలి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు పెట్టండి, లేదా ఐసు, నీళ్లు, గుప్పెడు ఉప్పు కలిపిన బకెట్‌లో అరగంట ఉంచండి. సీసాలను ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలకండి. లోపలి ఒత్తిడి 5, 6 అట్మాస్ఫియర్ల దాకా, అంటే కారు టైరు గాలికి రెండింతలకు పైనే ఉంటుంది. తెరిచేటప్పుడు సీసాను వాల్చి, మనుషుల వైపు కాకుండా పట్టుకుని, బిరడాను కదలనీయకుండా బొటనవేలితో అదిమి, సీసానే నెమ్మదిగా తిప్పండి. గ్లాసులో మూడో వంతుకు మించి పోయకండి, కడప వేడికి సగం తాగేలోపే వెచ్చబడి బుడగలు పోతాయి.