కొండ పక్కన గొయ్యి ఎందుకు పడుతుంది?

ప్రశ్న: సార్, హిమాలయాలు ఇంకా పైకి లేస్తున్నాయంటారు కదా, మరి వాటి పక్కనే గంగా మైదానం కింద కిలోమీటర్ల లోతు మట్టి ఎలా పట్టింది? మన తూర్పు కనుమల పక్కన అలాంటిది ఎందుకు లేదు?
– డిగ్రీ విద్యార్థిని, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: మంచి అనుమానమమ్మా. గొయ్యి ముందే ఉంటే అందులో మట్టి నిండింది అనుకుంటారు చాలామంది, కాదు, ఆ గొయ్యి చేసింది ఆ కొండే. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట మన ప్లేట్, అంటే మన దేశం ఉన్న భూమి పైపొర ముక్క, వెళ్లి ఆసియాని గుద్దుకుంది, అప్పట్నుంచి రాతి పలకలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కుతూనే ఉన్నాయి, ఆ బరువుకి కింద ఉన్న మన ప్లేట్ వంగిపోయింది. నవారు మంచం మీద ఓ చివర లావుపాటి మనిషి కూర్చుంటే ఆయన పక్కన బాగా కుంగి దూరం పోయేకొద్దీ తగ్గుతుంది చూడు, అలాగ. అందుకే కొండ అంచు దగ్గర మట్టి 5, 6 కిలోమీటర్ల దాకా ఉంటే దక్షిణానికి వచ్చేకొద్దీ పల్చబడి బుందేల్‌ఖండ్‌లో పాత రాయే పైకి కనిపిస్తుంది. నదులు తెచ్చి పోసిన మట్టి బరువు కూడా తోడై ఇంకాస్త కుంగుతుంది.

అసలు విశేషం తర్వాత జరిగేది. కొండ ఉన్నచోట ఉండదు, ముందుకి జరుగుతూ తను నింపిన ఆ గొయ్యిని, అంటే బేసిన్‌నే మడతపెట్టి పైకెత్తేస్తుంది. శివాలిక్ కొండలు అవే, ఒకప్పుడు నదులు మైదానంలో పరిచిన మట్టి. అక్కడ కింది పొరల్లో బంకమట్టి, సన్న ఇసక, పైకెళ్లేకొద్దీ ముతక ఇసక, అన్నిటికన్నా పైన గుండ్రంగా అరిగిన పెద్ద పెద్ద నదిరాళ్లు ఉంటాయి. అంత రాయిని నది ఎక్కువ దూరం మోయలేదు కాబట్టి కొండ దగ్గరికి వచ్చేసిందని ఆ పొరలే చెప్తున్నాయి, నాకైతే జియాలజీలో ఇంతకన్నా అందమైన సాక్ష్యం లేదనిపిస్తుంది. ఇప్పటికీ హిమాలయాల దగ్గర ఏడాదికి దాదాపు 2 సెంటీమీటర్లు నొక్కుకుంటూనే ఉంది, అక్కడి భూకంపాలకి మూలం అదే.

మన దగ్గర సంగతి వేరు. మన కొండల్ని పుట్టించిన గుద్దుడు సుమారు 100 కోట్ల ఏళ్ల నాటిది, ఆ ఎత్తు, ఆ బరువు ఎప్పుడో అరిగిపోయాయి. మన తీరంలో బేసిన్ ఉంది గానీ అది నొక్కితే వచ్చింది కాదు, లాగితే వచ్చింది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా మన నుంచి విడిపోతున్నప్పుడు భూమి పైపొర సాగి, పల్చబడి, పగుళ్ల వెంట ముక్కలు ముక్కలుగా కిందకి జారింది, తర్వాత చల్లబడి ఇంకా దిగింది. కృష్ణా గోదావరి బేసిన్ అలా మొదలైందే, ఇప్పుడు ఓఎన్‌జీసీ వాళ్లు గ్యాస్ తీస్తున్నది అక్కడే.

ఇంకోటి, కైలాసగిరి వైపు వెళ్తే రాయిని దగ్గరగా చూడు. ఎర్రటి చిన్న గింజలు కనిపిస్తాయి, అవి గార్నెట్ అనే ఖనిజం. ఆ రాయి పేరు ఖోండలైట్, అది కూడా ఎప్పుడో ఒక బేసిన్‌లో పడిన బంకమట్టే, పాత గుద్దుడులో లోతుకి కూరుకుపోయి విపరీతమైన వేడికి ఇలా మారింది.