బిందె ఇస్తాను గానీ, ముందు ఈ ఉత్తరం చదువు

చిరంజీవి శ్రావ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, నీ దగ్గరున్న అమ్మ ఇత్తడి బిందె దీనికి కావాలట. దాంట్లో ల్లిన్ కెలిన్ నీళ్లు పట్టుకుని లివర్‌పూల్ దాకా నడుస్తుందట. నువ్వైనా చెప్పు" అని ఒకటే గోల. లివర్‌పూల్‌కి నీళ్ల కోసం వేల్స్‌లో కాపెల్ కెలిన్ అనే ఊరిని ముంచి కట్టిన జలాశయం కదా ఈ ల్లిన్ కెలిన్. సరే చెప్తాలే అని ఫోన్ పెట్టేసి, అటక మీంచి బిందె దించి, అరగంట దాని ముందే కూర్చున్నాను. గర్వంగానే ఉంది. కడుపులో దడగానూ ఉంది. నా తెలుగు అర్థం కాని చోట అమ్మని అడుగు. తిట్లు మాత్రం అడగక్కర్లేదు, నీకే తెలుస్తాయి.

ముందు నీ చేతిలో ఉన్న పనుల సంగతి, అదే నీ పెర్ఫార్మెన్స్ ఆర్ట్, జనం ముందు ఒంటితో చేసి చూపించే కళ. కార్డిఫ్‌లో పలక మీద రోజుకి ఏడు గంటలు మాటలు రాసి చెరిపేది ఒకటి. ఆదివారాలు నీ వంటింట్లో ఒక్క అతిథిని కూర్చోబెట్టి, రొట్టెలు కాలుస్తూ కథ చెప్పేది రెండోది. ఇప్పుడు ఈ నడక. మూడూ ఒకేసారి పెట్టుకోకు. పలకది ఆరు నెలలు ఆపు, అది ఎక్కడికీ పోదు. వంటింటిది ఆపకు. నువ్వు చేస్తున్నవాటిలో నాకు నచ్చింది అదే. ఇన్సూరెన్స్ చేయించు. ఆర్ట్స్ కౌన్సిల్ అప్లికేషన్ చివరి రాత్రి దాకా ఉంచకు. బూట్లు నెల ముందే కొని తొడిగి తిరుగు. ఇవన్నీ నీకు తెలిసినవే.

బిందె బరువు మాత్రం నీకు తెలియదు. ఖాళీదే మూడు కిలోల పైన ఉంటుంది. బాలా, కోర్వెన్, ల్లన్‌గోల్లెన్, చెస్టర్, బర్కెన్‌హెడ్, అక్కడి నుంచి ఫెర్రీ. ఎటు కొలిచినా 60 మైళ్లకు తక్కువ కాదు. నిండా పట్టావంటే రెండో రోజుకే నడుము పట్టేస్తుంది. ఐదు లీటర్లు చాలు. అయితే సగం బిందె ఎక్కువ తొణుకుతుంది. మీ అమ్మమ్మ కృష్ణ నుంచి నీళ్లు తెచ్చేటప్పుడు పైన ఒక వేపరెమ్మ వేసేది, ఆకులు తేలుతుంటే నీళ్లు ఎగరవు. ఇక్కడ వేప లేదు కాబట్టి ఏ ఆకైనా వెయ్యి. వంద అడుగులకోసారి చంక మార్చు. నెత్తిన పెట్టుకుంటే గుడ్డతో చుట్టకుదురు చేసుకో, అమ్మకి చేయడం వచ్చు. వేల్స్ నర్తకి ఎడ్డీ ల్యాడ్ 2010లో, జైల్లో నిరాహార దీక్ష చేసి చనిపోయిన ఐర్లండ్ మనిషి బాబీ శాండ్స్ మీద చేసిన ప్రదర్శనంతా ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తుతూ చేశారు. అలాంటి పని ఒళ్లు సిద్ధం కాకుండా జరగదు. నువ్వు ఇప్పటి నుంచే రోజూ రెండు మైళ్లు బిందెతో నడువు. పక్కింటివాళ్లు నవ్వితే నవ్వనీ.

నవంబరు 21కి లివర్‌పూల్ చేరాలనుకుంటున్నావట. 1956లో తమ ఊరు ముంచొద్దని కాపెల్ కెలిన్ వాళ్లు పిల్లాజెల్లాతో ఆ నగరం వీధుల్లో నడిచిన తేదీ. బాగా ఎంచుకున్నావు, కాదనను. కానీ నవంబరులో నాలుగు దాటితే చీకటి. ఆరెనిగ్ కొండల మీంచి వచ్చే గాలి సంగతి కార్డిఫ్‌లో పెరిగినదానివి నీకేం తెలుసు? ఆ మొదటి రోజు నీళ్లలోకి నడుము దాకా దిగి బిందె ముంచాలని రాసుకున్నావని అమ్మ చెప్పింది. అది కొట్టేయి. ఆ చలిలో చన్నీళ్లు ఒక్కసారి ఒంటికి తగిలితే మన ప్రమేయం లేకుండానే గట్టిగా ఊపిరి ఎగపీలుస్తాం. ఆ ఒక్క ఊపిరిలో నీళ్లు పోతే చాలు. ఒడ్డున కూర్చుని ముంచుకో. నీకు ఈత వచ్చని నాకు చెప్పకు, నాకూ వచ్చు.

నా భయం చూసి నవ్వుకుంటావేమో. 1988 డిసెంబరులో మీ పెదనాన్న నన్ను కార్డిఫ్ తీసుకెళ్లారు. మూతపడ్డ రోవర్ కార్ల ఫ్యాక్టరీలో బ్రిథ్ గోవ్ అనే వెల్ష్ నాటక బృందం వాళ్లు గొదోద్దిన్ అనే ఆట వేస్తున్నారు. లోపల వందల టన్నుల ఇసుక, చెట్లు, తుక్కు కార్లు. టెస్ట్ డిపార్ట్‌మెంట్ అనే సంగీత బృందం వాళ్లు ఇనప డ్రమ్ముల మీద బాదుతున్నారు. ఆట నడిచేకొద్దీ నేలంతా నీళ్లు నిండుతున్నాయి. ఆ నీళ్లలోనే పడి లేస్తున్నారు అందరూ. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అప్పటికి నాకు వెల్ష్ రాదు. కానీ దారి పొడుగునా మాట్లాడలేదు నేను. మర్నాడే సాయంత్రం క్లాసులో వెల్ష్ నేర్చుకోవడానికి పేరిచ్చాను. నాకీ పిచ్చి పట్టింది ఆ నీళ్లలోనే. అందులో ఎవరికైనా ఏమైనా అయితే అన్న టెన్షనూ అక్కడి నుంచే. కాబట్టి నీతో ఒక మనిషిని పెట్టుకో. ఫోటోలు తీయడానికి కాదు, నిన్ను చూడడానికి. ఇక చాలు అని ఆ మనిషి అంటే ఆగిపోవాలి, అంతే.

ఇక అసలు సంగతి. నీకెప్పుడూ చెప్పలేదు, మీ అమ్మకీ సగమే తెలుసు.

1995 వేసవిలో వానల్లేవు. ల్లిన్ కెలిన్ బాగా కిందికి దిగింది, ఒడ్డు పొడుగునా బురద, రాళ్లు. నేను అక్కడ ఒక పని చేశాను. తెల్లచీర కట్టుకుని, బురదలో మోకాలి లోతున నిలబడి, 12 ప్రమిదలు వెలిగించాను. 12 ఇళ్లు మునిగాయి కదా, ఇంటికొకటి. ఒక్కో ప్రమిద పెడుతూ ఆ ఇంటికి పెట్టుకున్న పేరు చదివాను. ఆర్ట్ కాలేజీ నుంచి ఒక బస్సు నిండా వచ్చారు. చూడ్డానికి చాలా బాగుంది, ఆ మాట ఇప్పుడూ ఒప్పుకుంటాను.

ఆ పేర్లు నేను లైబ్రరీ పుస్తకంలోంచి రాసుకున్నాను. బాలా అక్కడికి ఐదు మైళ్లు. ఆ ఇళ్లలో పుట్టినవాళ్లు అక్కడ ఎంతమంది ఉన్నారో, ఒక్క తలుపూ తట్టలేదు. ఎందుకు తట్టాలి? మా ఊరూ 1981లో శ్రీశైలం నీళ్ల కింద పోయింది, నాకు ఆ హక్కుంది అనుకున్నాను. 1957లో 36 మంది వెల్ష్ ఎంపీల్లో ఒక్కరూ ఊరిని ముంచే ఆ బిల్లుకు ఓటు వేయకపోయినా పార్లమెంటులో అది పాసైందంటే, ఆ కోపం నాకు అర్థమైనట్టు ఇంకెవరికి అర్థమవుతుంది అనుకున్నాను. పొగరు.

ఏడో ప్రమిద దగ్గర "హఫోడ్ ఫడోగ్" అని చదివాను. రోడ్డు పక్క నిలబడి చూస్తున్న ఒక పెద్దాయన కిందికి దిగి వచ్చారు. మంచి బూట్లు, ప్యాంటు ఇస్త్రీ మడతతో ఉంది. బురదలోకి అలాగే నడిచి వచ్చేశారు. "హావోద్ వాదోగ్" అన్నారు, మెల్లిగా. వెల్ష్‌లో ఒక్క ఎఫ్ ఉంటే 'వ' అని మొదటి క్లాసులోనే చెప్తారు. ఆరేళ్లు క్లాసుకి వెళ్లినదాన్ని, కంగారులో ఇంగ్లీషు నోటితో చదివేశాను. ఆ ఇల్లు ఆయనది కూడా కాదట. ఆయన వంగి, చివరి వరసలో ఒక ప్రమిద తీసి, గాలికి చేయి అడ్డం పెట్టుకుని, ఓ పదడుగులు ఎడమకి నడిచి అక్కడ పెట్టారు. "మాది ఇక్కడ" అన్నారు. వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

అది తప్పు కాదు, శ్రావ్యా. పేరు తప్పు పలకడం అందరికీ అవుతుంది. అబెరిస్త్విత్ కింద సముద్రం రోడ్డు మీద గోడ ఉందే, కోవ్యుఖ్ ద్రవేరిన్ అని, అంటే మునిగిన ఆ త్రవేరిన్ లోయని గుర్తుంచుకోండి అని. అది రాసినాయన కూడా మొదట 'ద్ర' అనాల్సిన చోట 'త్ర' అనే రాశారు. ఆ రోజు నేను అక్కడితో ఆగి ఉంటే నీకు ఇది కథలాగా చెప్పి నవ్వేదాన్ని.

ఆయన ప్రమిద పెడుతుండగా మా ఫోటోగ్రాఫర్ ఒకటి తీశాడు. వంగిన వీపు, చేతుల మధ్య చిన్న వెలుగు. దాన్ని నేను నిలువెత్తు ప్రింట్ వేయించి ఎగ్జిబిషన్‌లో పెట్టాను. ఆయన్ని అడగలేదు. కింద నా పేరు రాసుకున్నాను. మూడో రోజు ఆయన కూతురు వచ్చింది. నా వయసే ఉంటుంది. "మా నాన్న తన ఇంటి దగ్గర ఒంటరిగా ఉన్నాననుకున్నారు, దయచేసి అది తీసేయండి" అంది. నేను ఆవిడతో వాదించాను. పదిమంది ముందు, పబ్లిక్ స్థలం, కళ, చరిత్ర, ఏవేవో మాటలు. ఆవిడ విని, సరే అని వెళ్లిపోయింది. నేను ఫోటో తీయలేదు. ఇంకా రెండు వారాలు గోడ మీదే ఉంది. ఆ ఫోటో చూసే నన్ను తర్వాత రెండు చోట్లకి పిలిచారు.

ఊరు ఖాళీ చేసిన రోజు మీ అమ్మమ్మ ద్వారబంధం పీకించి ఎద్దులబండి మీద వేయించుకుంది. దాని పక్కన కూర్చుని ఉంటే టౌన్ నుంచి వచ్చినవాడెవడో ఫోటో తీసుకుపోయాడు. పేరడగలేదు, ఎందుకని చెప్పలేదు. "ఆ పిల్లోడు నా ఫోటో ఏం చేసుకున్నాడో" అని అమ్మ పోయేదాకా అంటూనే ఉండేది. ఆ మాట వింటూ పెరిగినదాన్ని నేను. ఎగ్జిబిషన్ అయిపోయాక, ప్రింట్ చుట్టిపెడుతుంటే గుర్తొచ్చింది. అప్పటిదాకా రాలేదు.

కాబట్టి నడక మొదలుపెట్టే ముందు వారం రోజులు బాలాలో ఉండు. నీది బళ్లో నేర్చిన వెల్ష్, నాకంటే వందరెట్లు నయం. కెమెరా తీసుకెళ్లకు. టీ ఇస్తే తాగు, ఏం చేస్తున్నావో చెప్పు, వద్దంటే ఎందుకో విను.

ఇంకొకటి, సలహా అనుకోకు. ల్లిన్ కెలిన్ నీళ్లు పైపులో లివర్‌పూల్ వెళ్లవు. త్రవేరిన్ ఏట్లోకి వదిలితే బాలా దగ్గర డీ నదిలో కలుస్తాయి, చెస్టర్ దగ్గర తోడుకుంటారు. అంటే నీ బిందెలో నీళ్లకి నువ్వు అక్కర్లేదు, నీ పక్కనుంచే వాటంతటవి వెళ్తున్నాయి. లివర్‌పూల్ కుళాయి దగ్గర పట్టి, వెనక్కి మోసుకొస్తే? ఎగువకి నడక, కష్టం. అనిపించింది చెప్పాను, నడిచేది నువ్వు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. కూతురు బాలాలోనే ఉందని విన్నాను. నువ్వు వెళ్లే ముందు నేను ఆవిడకి ఫోన్ చేయాలి. ఏం చెప్పాలో వెల్ష్‌లో రాసి పెట్టుకున్నాను, సగం పేజీ. ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. అందులో మ్యుటేషన్లు, అదే వెల్ష్‌లో మాట మొదటి అక్షరం మారడం, ఎప్పటిలాగే తప్పుల తడక. ఎర్ర పెన్నుతో దిద్ది పంపు. ఆ ఫోన్ అయ్యాక వచ్చి బిందె పట్టుకెళ్లు. చింతపండు పెట్టి తోమి ఉంచాను. అడుగున సొట్ట ఉంది, అది అమ్మ చేతిలో పడిందే, మెరుగు పెట్టించే షాపుకి తీసుకెళ్లకు.

మీ పెద్దమ్మ