ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్, ఏ చక్రాలకు శక్తి?

ప్రశ్న: నేను మియాపూర్‌లో ఉంటాను. రోజూ కొండాపూర్ మీదుగా నానక్‌రామ్‌గూడలోని ఆఫీసుకు వెళ్లి వస్తాను. నెలకు ఒకటి రెండుసార్లు అమ్మానాన్నలను తీసుకుని విజయవాడ వెళ్లాల్సి ఉంటుంది. మెర్సిడెస్ సీ-క్లాస్, బీఎండబ్ల్యూ 3 సిరీస్ లాంగ్ వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం ఎక్కువున్న రకం), ఆడీ ఏ4 – ఈ మూడింటిలో ఒకటి కొనాలనుకుంటున్నాను. మైలేజీ కోసం డీజిలే తీసుకోమని ఒకరు, డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్ జోలికి పోవద్దని మరొకరు, వానల్లో భద్రత కావాలంటే ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ శక్తి) ఉండాల్సిందేనని ఇంకొకరు చెబుతున్నారు. ముందుగా దేన్ని తేల్చుకోవాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందుగా తేల్చుకోవాల్సింది గేర్‌బాక్స్. మీరు చెప్పిన దారిలో ఆఫీసు వేళకు బండి పరుగెత్తేది తక్కువ, పాకేది ఎక్కువ. ఆ పాకుడులో మీకు సుఖాన్నిచ్చేదీ, చిరాకు తెప్పించేదీ గేర్‌బాక్సే తప్ప ఇంజిన్ కాదు. పైగా మన దేశంలో ఈ తరగతి కార్లను అమ్మే పద్ధతిలో ఇంజిన్, గేర్‌బాక్స్, శక్తి అందుకునే చక్రాలు అనే మూడింటినీ విడివిడిగా ఏరుకునే వీలు దాదాపు లేదు. ఒకటి ఎంచుకుంటే మిగతా రెండూ దానితోపాటే వస్తాయి. సీ-క్లాస్ తీసుకుంటే తొమ్మిది గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, వెనుక చక్రాల శక్తి. 3 సిరీస్ తీసుకుంటే ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్, అదీ వెనుక చక్రాలకే. 2021లో ఇక్కడికి వచ్చిన ఏ4 తీసుకుంటే ఏడు గేర్ల డ్యుయల్ క్లచ్, ముందు చక్రాల శక్తి. అంటే ఈ మూడింట్లోనూ ఆల్ వీల్ డ్రైవ్ లేదు కాబట్టి మీ మూడో మిత్రుడి సలహాను ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. 3 సిరీస్ కుటుంబంలో అది కావాలంటే మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల ఎం340ఐ వరకూ వెళ్లాలి. అది వేరే బండి, వేరే ధర, వెనుక సీటులో చోటు కూడా తక్కువే.

డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్సులో బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు మరొక క్లచ్ ఉంటాయి. మీరు మూడో గేరులో వెళ్తుండగానే నాలుగోది సిద్ధమై ఉంటుంది కాబట్టి మార్పు రెప్పపాటులో జరిగిపోతుంది. ఖాళీ రోడ్డు మీద దాని చురుకుదనం నిజంగా ముచ్చటగా ఉంటుంది. అయితే నడక వేగంతో కదిలేటప్పుడు ఆ క్లచ్‌ను సగం పట్టీ సగం వదిలీ జారించాల్సి వస్తుంది, అందువల్ల వేడి పుడుతుంది. ఏ4లో ఉన్నది నూనెలో తడిసి ఉండే క్లచ్ కాబట్టి పొడి క్లచ్‌ల కంటే ఆ వేడిని బాగా తట్టుకుంటుంది. ‘జోలికి పోవద్దు’ అనేంత భయం అక్కర్లేదు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య ద్రవం ఉంటుంది. అది బండి కదిలే క్షణంలో టార్క్‌ను, అంటే చక్రాలను తిప్పే బలాన్ని, కొంత పెంచి ఇస్తుంది, అరిగిపోయే రాపిడి లేకుండానే మెల్లగా పాకనిస్తుంది, వేగం అందుకున్నాక లోపలి లాకప్ క్లచ్ బిగుసుకుని శక్తి వృథా కాకుండా చూస్తుంది. బీఎండబ్ల్యూ వాడే జెడ్‌ఎఫ్ సంస్థవారి ఎనిమిది గేర్ల పెట్టె 2009లో 7 సిరీస్‌తో మొదలై నేటికీ కొనసాగుతోందంటే ఊరికే కాదు. కొత్తగూడ కూడలి దగ్గర సాయంత్రం ఆరు గంటలకు నేనైతే టార్క్ కన్వర్టర్‌నే కోరుకుంటాను.

ఇక డీజిల్ సంగతి. సీ-క్లాస్‌లో డీజిల్ రకమైన సీ 220డీ ఇచ్చే టార్క్ 440 న్యూటన్ మీటర్లు, పెట్రోలు రకమైన సీ 200 ఇచ్చేది 300. విజయవాడ దారిలో నలుగురు కూర్చుని, డిక్కీ నిండా సామానుతో లారీని దాటేటప్పుడు ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. కానీ డబ్బు మిగులుతుందన్న ఆశతో మాత్రం డీజిల్ కొనకండి. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరుగుతారని, పెట్రోలు బండి లీటరుకు 10, డీజిల్ బండి 15 కిలోమీటర్లు ఇస్తాయని అనుకుందాం. పెట్రోలు లీటరు 107 రూపాయలు, డీజిల్ 96 రూపాయలుగా లెక్కిస్తే ఏడాదికి మిగిలేది దాదాపు 50 వేల రూపాయలు. ఇథనాల్‌లో లీటరుకు దొరికే శక్తి పెట్రోలులో కంటే మూడో వంతు తక్కువ కనుక, 20 శాతం ఇథనాల్ కలిపిన ఇంధనంతో ఆ తేడా ఇంకొంత పెరగవచ్చు. అయినా ఇంత ఖరీదైన కారుకు కట్టే బీమా, సర్వీసు ఖర్చుల పక్కన అది నిర్ణయాన్ని మార్చే మొత్తం కాదు.

అసలు చిక్కు పొగగొట్టంలో ఉంది. 2020 నాటి బీఎస్6 కాలుష్య నిబంధనల తర్వాత వచ్చిన డీజిల్ కార్లలో మసిని పట్టి ఉంచే పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉంటుంది. పేరుకున్న మసిని అది కాల్చుకోవాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి, ఆ వేడి రావాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా సాగాలి. పటాన్‌చెరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి నానక్‌రామ్‌గూడలో దిగే మనిషికి ఆ పని రోజూ తనంతట తానే జరిగిపోతుంది. కొండాపూర్ గుండా వెళ్లే మీకు నెలకొకసారి విజయవాడ ప్రయాణం కొంత సాయం చేస్తుంది గానీ, మధ్యలో ఫిల్టర్ దీపం వెలిగితే ఒక ఆదివారం ఉదయం ఔటర్ మీదికి బండిని తోలుకుపోక తప్పదు. మీ దారి మారేది కాకపోతే పెట్రోలే మేలు.

వానల్లో భద్రత గురించి ఒక మాట. ఆల్ వీల్ డ్రైవ్ అంటే జీపు కాదు, దానివల్ల కారు ఎత్తు పెరగదు. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు నిలిచినప్పుడు ముప్పు చక్రాలు జారడం వల్ల కాదు, ఇంజిన్ గాలితోపాటు నీటిని పీల్చడం వల్ల. అలాంటి చోట నాలుగు చక్రాలకూ శక్తి ఉన్న సెడాన్ అయినా వెనక్కి తిప్పుకోవాల్సిందే.

అందువల్ల నా ఓటు 3 సిరీస్ లాంగ్ వీల్‌బేస్‌లో పెట్రోలు రకమైన 330ఎల్ఐకి. 258 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్లు ఇచ్చే దాని రెండు లీటర్ల ఇంజిన్ డీజిల్ లేని లోటును చాలావరకు పూడుస్తుంది. మామూలు 3 సిరీస్ కంటే 110 మిల్లీమీటర్లు ఎక్కువున్న వీల్‌బేస్ మీ పెద్దవాళ్లకు కాళ్లు చాచుకునే చోటునిస్తుంది. వెనుక సీటు మధ్యలో, కింద గట్టులా ఎత్తుగా ఉండే టన్నెల్ వల్ల మూడో మనిషికి ఇబ్బందే. సంతకం పెట్టే ముందు అమ్మానాన్నలను కూర్చోబెట్టి సీ-క్లాస్ కూడా ఒకసారి నడపండి. మెత్తదనంలో వాళ్లు దానికే మొగ్గు చూపితే నేను వాదించను.

ప్రశ్న: షికాగో శివారులో ఉంటున్నాను. బీఎండబ్ల్యూ 330ఐ, లెక్సస్ ఐఎస్‌లలో వాడిన కారు ఒకటి చూస్తున్నాను. మంచు కోసం ఆల్ వీల్ డ్రైవ్ తప్పనిసరా? మాన్యువల్ గేర్లు దొరుకుతాయా?
– ఒక పాఠకురాలు, ఇల్లినాయ్

జవాబు: ఆల్ వీల్ డ్రైవ్ మంచులో బండిని కదిలిస్తుంది, కానీ ఆపదు. బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు మిమ్మల్ని కాపాడేది టైరే. ఉష్ణోగ్రత ఏడు డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. గ్యారేజీలో మరో నాలుగు టైర్లు పెట్టుకునే చోటుంటే, వెనుక చక్రాల బండికి శీతకాలపు టైర్లు వేయించుకోవడం మంచి పద్ధతి. అపార్ట్‌మెంటులో ఉండి అది కుదరకపోతే ఆల్ వీల్ డ్రైవే తీసుకోండి. అప్పుడు ఒక టైరు పాడైనా నాలుగింటి అరుగుదల దాదాపు సమానంగా ఉండేలా చూసుకోవాలని మాత్రం మరవకండి.

లెక్సస్ విషయంలో ఇంకొక మెలిక ఉంది. 2021 నుంచి కొన్నేళ్లపాటు వచ్చిన ఐఎస్300 వెనుక చక్రాలదైతే రెండు లీటర్ల టర్బో ఇంజిన్, 241 హార్స్‌పవర్, ఎనిమిది గేర్లు. అదే పేరుతో వచ్చిన ఆల్ వీల్ డ్రైవ్ బండికి 3.5 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్, 260 హార్స్‌పవర్, ఆరే గేర్లు. మీరు చక్రాలను ఎంచుకున్నానని అనుకుంటారు గానీ, ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ కూడా మార్చేసి ఉంటారు. టర్బో లేని ఆ వీ6 పాతకాలపుదే అయినా నిదానంగా, నమ్మకంగా పని చేస్తుంది. పెట్రోలు మాత్రం కాస్త ఎక్కువ తాగుతుంది. 330ఐ రెండు రకాల్లోనూ ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకటే కాబట్టి అక్కడ ఈ తికమక లేదు. మాన్యువల్ మాత్రం 2019 నుంచి వచ్చిన 3 సిరీస్‌లో అమెరికాలో అసలు లేదు.

ప్రశ్న: వాడిన లగ్జరీ సెడాన్ కొంటున్నాను. గేర్‌బాక్స్ బాగుందో లేదో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక నడపండి. డ్యుయల్ క్లచ్ అయితే చిన్న ఎత్తు మీద బ్రేకు వదిలి మెల్లగా ముందుకూ వెనక్కీ కదిలించండి; వణుకు కనిపిస్తే ఆ బండి వదిలేయండి. టార్క్ కన్వర్టర్ అయితే డీ నుంచి ఆర్‌కు మార్చినప్పుడు దెబ్బ కొట్టినట్టు ఉండకూడదు, సమ వేగంతో వెళ్తున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు ఊగిసలాడకూడదు. గేర్‌బాక్స్ నూనె మార్చిన రశీదు అడగండి. ‘జీవితకాలం మార్చక్కర్లేదు’ అని అమ్మకందారు అంటే, బీఎండబ్ల్యూ వాడే ఎనిమిది గేర్ల పెట్టెను తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థే 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య నూనె మార్చమంటుందని చెప్పి, ఆ ఖర్చును ధరలో తగ్గించమనండి.